పాత పైపుకి లోపలి అస్తరు

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినిపిస్తోందా? సరే.

మొదలుపెట్టే ముందు రెండు ముక్కలు మీ మధ్యకి పంపిస్తున్నాను. ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ చూడండి. భయపడక్కర్లేదు, రెండూ బాగా కడిగినవే.

మొదటిది కాంక్రీటు పెచ్చు. ఒక మురుగు పైపు పైభాగం నుంచి ఊడింది. గోటితో గీకండి, తెల్లగా పొడి రాలుతుంది. తీసిన రోజు తడిగా ఉంది, సున్నం ముద్దలా వేళ్లకి అంటుకుంది. రెండోది కొంచెం వంపు తిరిగిన పలక, మందం 6 మిల్లీమీటర్లు. విరిచి చూడండి. మీ వల్ల కాదు. పైపులోకి వెళ్లిన రోజు పొద్దున అది తడి గుడ్డ. మడత పెడితే మడత పడేది. సాయంత్రానికి ఇలా అయింది.

కాంక్రీటు అలా ఎందుకయింది, గుడ్డ ఇలా ఎలా అయింది, ఈ రెండూ చెప్పి ఆ తర్వాత నా గోడు చెప్పుకుంటాను. గోడు ఏమిటంటే, పాత మురుగు పైపుని తవ్వకుండా లోపలే అస్తరు వేసి బాగుచేసే ఈ పని గురించి ఎక్కడ మాట్లాడినా అందరూ గుడ్డ గురించే అడుగుతారు. ఏ రెసిన్, అంటే గుడ్డని గట్టిపరిచే జిగురు, వాడతారు, ఎంత మందం, ఆవిరితో గట్టిపరుస్తారా, లైటుతోనా? నేను చూసినంతలో మాత్రం, గుడ్డ లోపలికి వెళ్లకముందే పని బాగుపడటమో చెడిపోవడమో అయిపోతుంది.

ప్రశ్నలుంటే మధ్యలోనే ఆపి అడగండి.

మురుగు పైపు పాడవుతుందంటే మురుగు తగిలే అడుగునే పాడవుతుందని అనుకుంటాం. కాంక్రీటు పైపులో కథ తలకిందులు. చాలాసార్లు అడుగు బాగానే ఉంటుంది, నెత్తి పోతుంది. మురుగులో సల్ఫేట్ ఉంటుంది. పైపు గోడకి పట్టిన జిగురు పొరలో, గాలి చొరబడని చోట బతికే బ్యాక్టీరియా ఆ సల్ఫేట్‌ని సల్ఫైడ్‌గా మారుస్తుంది. నీళ్లు ఎక్కడ పైనుంచి దూకుతాయో, ఎక్కడ సుడి తిరుగుతాయో, పంపు నుంచి ఎక్కడ బయటపడతాయో అక్కడ అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా పైకి లేస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన అదే. ఆ వాయువు పైపు నెత్తిన ఉన్న తేమలో కరుగుతుంది. అక్కడ ఇంకో రకం బ్యాక్టీరియా కాచుకుని ఉంటుంది. దానికి గాలి కావాలి, అది సల్ఫైడ్‌ని తిని సల్ఫ్యూరిక్ ఆమ్లం చేస్తుంది. 1945లో ఆస్ట్రేలియాలో పార్కర్ అనే శాస్త్రవేత్త, తినేసిన కాంక్రీటులోంచి అలాంటి బ్యాక్టీరియాని వేరుచేసి చూపించాడు. కొత్త కాంక్రీటు పీహెచ్ 12 పైన ఉంటుంది. ఈ ఆమ్లం ధాటికి పైపొర పీహెచ్ 2 దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. సిమెంటులోని సున్నం జిప్సం అయిపోతుంది. మీ చేతిలో రాలుతున్న తెల్లపొడి అదే. పరిస్థితి బాగాలేని లైన్లలో ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున గోడ కరిగిపోతుంది.

ఇక్కడ ఒక్క మాట, పనికి సంబంధం లేకపోయినా చెప్పాలి. ఈ వాయువు కొంచెం ఉన్నప్పుడే ముక్కు పట్టేస్తుంది. గాలిలో పది లక్షల పాళ్లకి 100 పాళ్ల దాకా పెరిగితే ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన తెలియదు. మ్యాన్‌హోల్ మూత తీసి, 'వాసన పోయింది, ఇక దిగొచ్చు' అనుకున్నవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గ్యాస్ మీటరు చెప్పేదాకా తల కూడా లోపలికి వంచకండి.

మట్టి పైపులకి, అదే కాల్చి గ్లేజు పెట్టిన వాటికి, ఆమ్లం ఏమీ చేయదు. వాటి జబ్బు జాయింట్లలో ఉంటుంది. జాయింటు కాస్త తెరుచుకుంటే చెట్టు వేరు వెంట్రుకలా దూరుతుంది, లోపల నీళ్లు, ఎరువు పుష్కలం కాబట్టి జడలా పెరుగుతుంది. బయట భూగర్భజలం పైపు కంటే ఎత్తులో ఉంటే అదే సందులోంచి లోపలికి కారుతుంది. నీరు ఒక్కటే కారితే శుద్ధి కేంద్రానికి అదనపు భారం, అంతే. కానీ నీటితో పాటు ఇసుక రేణువులు కూడా వస్తాయి. పైపు చుట్టూ ఉన్న మట్టిని నీరు పిడికెడు పిడికెడు దొంగిలించుకుపోతుంది. పైపు పైన ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీ మెల్లగా పైకి పాకుతుంది. పైన రోడ్డు పొర వంతెనలా నిలబడి ఉంటుంది. ఎంతకాలం? ఒక బరువైన బండి వచ్చేదాకా.

2025 జనవరి 28న జపాన్‌లో సైతామా ప్రాంతంలోని యాషియో నగరంలో ఒక కూడలి దగ్గర రోడ్డు ఇలాగే కుంగింది. అటుగా వెళ్తున్న ట్రక్కు అందులో పడింది, డ్రైవరు ప్రాణం పోయింది. కింద ఉన్నది 4.75 మీటర్ల వ్యాసం ఉన్న మురుగు పైపు, 1983 నాటిది. అంటే మరీ ముసలిది కూడా కాదు. అది తెగడంతో సుమారు 12 లక్షల మందిని స్నానాలు, బట్టలుతకడం తగ్గించుకోమని అడగాల్సి వచ్చింది. నన్ను ఎక్కువ కలవరపెట్టిన విషయం వేరే ఉంది. 2021 ఆర్థిక సంవత్సరంలో ఆ పైపుని తనిఖీ చేశారు. వెంటనే మరమ్మతు అక్కర్లేదని తేల్చారు. పైపు లోపల కెమెరాకి కనిపించేది గోడ మాత్రమే, గోడ వెనక మట్టి ఉందో లేదో కెమెరాకి తెలియదు.

సరే, పైపు పాడైంది. తవ్వి కొత్తది వేయొచ్చు కదా? వేయొచ్చు. కానీ మురుగు వాలు మీద పారాలి కాబట్టి పైపులు పోనుపోను లోతుకి వెళ్తాయి. 5, 6 మీటర్ల లోతులో ఉన్న పైపు మార్చాలంటే రోడ్డు కోయాలి, పక్క మట్టి కూలకుండా ఇనుప షీట్లు దించాలి, ఊట నీరు తోడుతూనే ఉండాలి. మధ్యలో అడ్డొచ్చే మంచినీటి పైపు, గ్యాస్ పైపు, కరెంటు, ఫోను కేబుళ్లు అన్నింటినీ వేలాడదీసి కాపాడాలి. మార్చేది 300 మిల్లీమీటర్ల పైపు, దాని కోసం తవ్వే కందకంలో లారీ పడుతుంది. ఇరుగుపొరుగు ఇళ్లకి, దుకాణాలకి నెలల తరబడి నరకం. అందుకే తవ్వకుండా బాగుచేసే పద్ధతులు పుట్టాయి, వీటినే ట్రెంచ్‌లెస్ అంటున్నాం.

అవి ఒకటి కాదు, చాలా ఉన్నాయి. పాత పైపులో కొంచెం చిన్న పైపు దూర్చి మధ్య సందులో గ్రౌట్, అంటే పలుచటి సిమెంటు ముద్ద, నింపడం ఉంది. ఇది పాత పద్ధతి, ఇప్పటికీ పెద్ద పైపులకి బాగా పనికొస్తుంది. పాత పైపుని లోపలి నుంచి పగలగొడుతూ, ముక్కల్ని మట్టిలోకి నెట్టేస్తూ వెనకే కొత్త పైపుని లాక్కుపోవడం ఉంది. అది నిజానికి మరమ్మతు కాదు, మార్పిడి. పైపు సైజు పెంచాలంటే దారి అదే. ప్లాస్టిక్ పట్టీని పైపు లోపల స్ప్రింగులా చుట్టుకుంటూ పోవడం ఉంది. దాని గొప్పదనం ఏమిటంటే, మురుగు కొంతమేర పారుతూ ఉండగానే చేయొచ్చు. ఇవాళ నేను చెప్పేది సీఐపీపీ గురించి, అంటే పైపులోనే గట్టిపడి పైపు అయ్యే గొట్టం. మామూలు సైజు వీధి పైపులకి ప్రపంచంలో ఎక్కువగా వాడేది ఇదే.

దీన్ని లైనింగ్ అంటాం. మన దర్జీలకి దీనికి చక్కని మాట ఉంది, అస్తరు. కోటు లోపల కుట్టే గుడ్డ. పోలిక బాగానే కుదురుతుంది, ఒక్క తేడా తప్ప. కోటు అస్తరు కోటుని పట్టుకుని వేలాడుతుంది. మన అస్తరు మాత్రం గట్టిపడ్డాక, పైన కోటు పూర్తిగా చిరిగిపోయినా తన కాళ్ల మీద తను నిలబడాలి.

మొదటిసారి ఇది జరిగింది 1971లో, లండన్‌లోని హ్యాక్నీ ప్రాంతంలో. ఎరిక్ వుడ్ అనే ఇంజనీరు, రెసిన్‌లో నానబెట్టిన ఫెల్ట్ (దట్టంగా అదిమిన గుడ్డ) గొట్టంతో ఒక పాత ఇటుక మురుగు కాలువకి అస్తరు వేశాడు. పొడవు సుమారు 70 మీటర్లు. ఆ కాలువ గుండ్రంగా ఉండదు, గుడ్డుని సన్నటి వైపు కిందకి నిలబెట్టినట్టు ఉంటుంది. పాత ఇంజనీర్ల తెలివి అది. ప్రవాహం తక్కువగా ఉన్నప్పుడు కూడా సన్నటి అడుగున నీరు కాస్త లోతుగా, వేగంగా పారి చెత్తని తోసుకుపోతుంది. అలాంటి ఆకారంలోకి గట్టి పైపు ఏదీ దూరదు. గుడ్డ అయితే ఏ ఆకారంలోకైనా ఒదుగుతుంది. ఆ తర్వాత పేటెంట్లు వచ్చాయి. 1990లలో మొదటి పేటెంట్ల గడువు తీరాక చాలామంది ఈ పనిలోకి దిగారు.

ఇక పని ఎలా చేస్తారో చెప్తాను. పాలియెస్టర్ ఫెల్ట్‌తో, కొలతకి సరిపడా గొట్టం కుడతారు. ఒకవైపు పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది. షెడ్డులో లోపలి గాలంతా వ్యాక్యూమ్‌తో లాగేసి రెసిన్ పోస్తారు. తర్వాత రెండు రోలర్ల మధ్యలోంచి గొట్టాన్ని పంపుతారు. రోలర్ల సందు ఎంత ఉంటే అంత రెసిన్ నిలుస్తుంది. కొంచెం ఎక్కువే పోస్తారు, ఎందుకంటే పాత పైపు పగుళ్లలోకి, జాయింట్లలోకి కొంత పోతుంది. ఎక్కడైనా ఫెల్ట్ తెల్లగా, పొడిగా మిగిలిందంటే గట్టిపడ్డాక అక్కడ నీరు చెమరుస్తుంది.

రెసిన్ కలిపిన క్షణం నుంచి అది బతికి ఉన్న సరుకు. గట్టిపడే మందు అందులో ఉంది, వేడి కోసం కాచుకుని ఉంది. అందుకే ఐసు మీదో, చల్లటి లారీలోనో తీసుకెళ్తారు. మధ్యలో లారీ ఆగిపోతే డ్రైవరు కంటే ముందు ఇంజనీరుకి చెమటలు పడతాయి. గొట్టం లారీలోనే రాయి అయిపోతే దాన్ని ముక్కలుగా కోసి బయట పారేయడం తప్ప చేసేదేమీ లేదు.

సైట్ దగ్గర అసలు వేడుక ఉంటుంది. దిండు గలీబుని తిరగేయడం ఎప్పుడైనా చూశారా? లోపలికి చేయి పెట్టి కొసని పట్టుకుని లాగితే లోపలిది బయటికి వస్తుంది. గొట్టాన్ని పైపులోకి అలాగే తిరగేస్తారు. గొట్టం ఒక కొసని మ్యాన్‌హోల్ దగ్గర రింగుకి బిగించి, వెనక నుంచి నీళ్లు పోస్తారు, లేదా గాలి కొడతారు. ఆ ఒత్తిడికి గొట్టం తనలోంచి తానే తిరగబడుతూ ముందుకి పాకుతుంది. పైన గట్టు మీద నిలబడి చూస్తే పెద్ద పాము కన్నంలోకి దూరుతున్నట్టే ఉంటుంది. తిరగబడేటప్పుడు రెసిన్ ఉన్న వైపు పాత గోడకి అతుక్కుంటుంది, ప్లాస్టిక్ పూత లోపలి వైపుకి వస్తుంది. గొట్టాన్ని ఈడ్చడం ఉండదు కాబట్టి రాపిడీ ఉండదు.

చివరిదాకా చేరాక నీటిని బాయిలర్ గుండా తిప్పుతూ 80 డిగ్రీల పైకి వేడి చేస్తారు, లేదా ఆవిరి పంపుతారు. రెసిన్ గట్టిపడేటప్పుడు తనే వేడి పుట్టిస్తుంది. గొట్టానికీ పాత పైపుకీ మధ్య పెట్టిన వైర్లు ఆ ఉష్ణోగ్రతని చూపిస్తుంటాయి. పైపు అడుగున, భూగర్భజలం తగిలే చోట ఎప్పుడూ చల్లగా ఉంటుంది. అక్కడి రీడింగ్ పెరిగిందా లేదా అన్నదే నేను చూస్తాను, మిగతావి వాటంతటవే పెరుగుతాయి. తర్వాత నిదానంగా చల్లార్చాలి. వేడి నీటితో చేసిన దానికి 38 డిగ్రీల కిందకి దిగాకే నీటిని వదలాలని అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్ 1216 చెబుతుంది. ఇంటికి వెళ్లాలన్న తొందరలో ముందే వదిలేస్తే గొట్టం ఎక్కువగా ముడుచుకుని పాత గోడని వదిలేస్తుంది, ఆ సందులో నీరు పరుగెడుతుంది.

అల్ట్రావయొలెట్ లైటుతో చేసే పద్ధతి ఇంకొకటి. దానికి గాజు పీచు గొట్టం. లోపలికి లాగి, గాలితో ఉబ్బించి, లైట్ల రైలుని లెక్కప్రకారం వేగంతో లాగుతారు. నాకు ఇదంటే ఒక కారణానికి ఇష్టం. లైట్లు వెలిగించే ముందు కెమెరా తిప్పి ముడతలున్నాయేమో చూడొచ్చు. ఉంటే ఇంకా సరిచేయొచ్చు. వేడి నీటి పద్ధతిలో గట్టిపడ్డాకే చూస్తాం, చూసి తల పట్టుకుంటాం.

(సభలోంచి ప్రశ్న: ఇళ్ల కనెక్షన్లు మూసుకుపోవా?)

మూసుకుపోతాయి! అన్నీ. గొట్టం గోడంతా పరుచుకుంటుంది కదా, ఇంటింటి నుంచి వచ్చి కలిసే పైపు నోళ్లన్నీ మూతపడతాయి. గట్టిపడ్డాక లోపలికి ఒక చిన్న రోబో వెళ్తుంది. ముందు కెమెరా, పైన తిరిగే కట్టర్. నోరు ఉన్న చోట గొట్టం కొద్దిగా గుంట పడినట్టు కనిపిస్తుంది, అక్కడ కోసి తెరుస్తారు. ఆ గుంట కనిపించకపోతే? ఇప్పుడు నా గోడులోకి వస్తున్నాం.

చాలా ఏళ్ల కింద ఒక వీధిలో మా జట్టు లైనింగ్ చేసింది. ముందు తీసిన కెమెరా లాగ్‌లో 11 కనెక్షన్లు ఉన్నాయి. గట్టిపడ్డాక 11 కోశాం. లెక్క సరిపోయింది, సంతకాలు పెట్టాం, ఇంటికి వెళ్లి హాయిగా పడుకున్నాం. పొద్దున్నే ఫోను. ఒక ఇంట్లో బాత్రూం జాలీలోంచి నీరు పైకి వస్తోంది. వెళ్లేసరికి ఆ ఇంటి పెద్దాయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "బాబూ, రోడ్డు తవ్వకుండా పని కానిచ్చారని నిన్న మా వాళ్లందరికీ చెప్పాను. ఇవాళ మా ఇంట్లోనే చెరువు తవ్వారు" అన్నారు. ఏం మాట్లాడతాం?

ఆయన కనెక్షన్ 12వది. పైపు పక్క గోడకి బాగా కిందుగా కలిసింది. కెమెరా వెళ్లిన రోజు ఆ నోటి ముందు వేళ్ల గుత్తి, దాని చుట్టూ ఇసుక. శుభ్రం చేసేటప్పుడు నీటిని జోరుగా చిమ్మే జెట్టింగ్ నాజిల్‌ని రెండుసార్లు తిప్పి సరిపెట్టారు, వేళ్లు కోసే పరికరం ఆ రోజు వేరే సైట్‌లో ఉంది. లాగ్ రాసినవాడు తప్పు రాయలేదు, తనకి కనిపించిందే రాశాడు. తప్పు మాదే, మురికిగా ఉన్న పైపులో తీసిన వీడియోని నమ్మాం. ఇంటి ఛాంబరు నుంచి చిన్న కెమెరాని తోసి, లైనర్, అంటే మన అస్తరు గొట్టం, వెనక దాకా తీసుకెళ్లి, దాని తలలో ఉండే రేడియో బీకన్‌తో చోటు కొలిచి, అవతలి నుంచి రోబోతో కోశాం. అయిదు గంటలు పట్టింది. ఆ అయిదు గంటలూ ఆయన కుర్చీలోంచి లేవలేదు.

అప్పటి నుంచి మా జట్టులో ఒక కట్టుబాటు. శుభ్రం చేశాక మళ్లీ కెమెరా తిప్పాల్సిందే. వీధిలో ఇళ్ల లెక్క, పైపులో నోళ్ల లెక్క పక్కపక్కన పెట్టాల్సిందే. తేడా వస్తే ఆ ఇంట్లో రంగు నీళ్లు పోసి కింద మ్యాన్‌హోల్‌లో చూస్తాం. ఇంతకన్నా చవకైన పరీక్ష ఈ వృత్తిలో ఇంకోటి లేదు. దీని రెండో లాభం కూడా ఉంది. ఎప్పుడో పడగొట్టేసిన ఇళ్ల నుంచి మిగిలిపోయిన చచ్చిన కనెక్షన్లు తెలుస్తాయి. వాటిని కోయకుండా వదిలేస్తే అటు నుంచి వచ్చే ఊటనీరు శాశ్వతంగా ఆగిపోతుంది.

పనికి ముందే తేల్చుకోవాల్సింది ఇంకోటుంది, అసలు ఈ పైపు లైనింగ్‌కి తగినదేనా? అస్తరు పాత పైపు ఆకారాన్ని ఉన్నది ఉన్నట్టు దించేస్తుంది. పైపు మధ్యలో కుంగి నీళ్లు నిలుస్తుంటే, లైనింగ్ తర్వాత కూడా అక్కడే నిలుస్తాయి, కాకపోతే కొత్త మెరిసే గోడల మధ్య నిలుస్తాయి. వాలు తిరగబడి ఉంటే తిరగబడే ఉంటుంది. కూలిపోయి దారి మూసుకుపోయిన చోట గొట్టం దూరదు. అలాంటి ఒక్క చోట తవ్వి సరిచేసి, మిగతాదంతా లైనింగ్ చేయడం తెలివైన పని. ట్రెంచ్‌లెస్ అన్నాం కదా అని ఒక్క గుంట కూడా తవ్వనని భీష్మించుకుని కూర్చునేవాళ్లని చూశాను. చివరికి వాళ్లే ఎక్కువ తవ్వారు.

మందం లెక్క కూడా పాత పైపు ఎంత బతికి ఉందన్న దాని మీదే ఉంటుంది. పగుళ్లున్నా మట్టి బరువు అదే మోయగలదంటే, గొట్టం బయటి నీటి ఒత్తిడికి నలగకుండా ఉంటే చాలు. పాత పైపు పని అయిపోయిందంటే మట్టి, బళ్లు, నీరు అన్నీ గొట్టమే మోయాలి, మందం పెరుగుతుంది. ఈ రెంటిలో ఏది అన్నది ఒక మనిషి వీడియో చూసి నిర్ణయిస్తాడు. ఇందాక చెప్పిన యాషియో సంగతి గుర్తుంది కదా? కాంక్రీటు పైపైతే గోడ ఎంత మిగిలిందో కొలవకుండా, వెనక ఖాళీ ఉందేమో చూడకుండా నేనైతే మొదటి రకం లెక్కకి ఒప్పుకోను. ఖాళీ ఉంటే ముందు గ్రౌట్ నింపాలి.

(ప్రశ్న: లోపల ఇంకో పొర వస్తే పైపు సన్నబడి ప్రవాహం తగ్గదా?)

అందరికీ వచ్చే అనుమానమే. లెక్క వేద్దాం. 300 మిల్లీమీటర్ల పైపులో 6 మిల్లీమీటర్ల గొట్టం వేస్తే లోపల 288 మిగులుతుంది. నిండుగా పారేటప్పుడు ఆ ఒక్క కారణంగా సామర్థ్యం సుమారు 10 శాతం తగ్గుతుంది. కానీ గోడ నునుపవుతుంది, జాయింట్లు ఉండవు. ఇంజనీర్లు వాడే గరుకు అంకె, అదే మ్యానింగ్ 'ఎన్', 0.013 నుంచి 0.011కి దిగిందనుకోండి, 18 శాతం పెరుగుతుంది. రెండూ కలిపితే ముందున్న దానికంటే 6 శాతం ఎక్కువే. ఇందులో ఒక మెలిక ఉంది. కొన్నేళ్లకి ఏ గోడకైనా జిగురు పడుతుంది, నునుపు కొంత పోతుంది. కాబట్టి 'ప్రవాహం పెరుగుతుంది' అని నేను ఎవరికీ హామీ ఇవ్వను. తగ్గదు అంటాను. ఇళ్లు పెరిగి పైపు చాలడం లేదంటే అది లైనింగ్‌తో తీరే సమస్య కాదు.

(ప్రశ్న: 50 ఏళ్లు ఉంటుందని ఎలా నమ్మాలి?)

మంచి ప్రశ్న. 50 ఏళ్లన్నది డిజైన్‌లో పెట్టుకునే అంకె. ప్లాస్టిక్ మీద బరువు అలాగే ఉంచితే ఏళ్ల తరబడి మెల్లగా వంగుతూ పోతుంది. అందుకని మొదటి రోజు బిగువులో మామూలుగా సగమే లెక్కలోకి తీసుకుంటారు. అది కాగితం మీద. మరి నేలలో ఎలా ఉంది? అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2012లో ఒక నివేదిక ఇచ్చింది. డెన్వర్, కొలంబస్ నగరాల్లో అప్పటికే పైపుల్లో ఉన్న గొట్టాల ముక్కలు తీసి పరీక్షించారు. వాటిలో పాతది 25 ఏళ్లది. చాలామటుకు బాగున్నాయి, 50 ఏళ్లు ఉండవని అనుకోవడానికి కారణం కనిపించలేదన్నారు. కానీ ఆ నివేదిక సరిగ్గా నానిన, సరిగ్గా గట్టిపడిన గొట్టాల గురించి. మీ గొట్టం సరిగ్గా గట్టిపడిందని తెలియాలంటే మ్యాన్‌హోల్ దగ్గర మిగిలిన కొసని కోసి ల్యాబ్‌కి పంపాలి. మందం కొలవాలి, వంచి బలం చూడాలి. ఆ ముక్క ల్యాబ్‌కి వెళ్లకముందే బిల్లు పాస్ చేసే పద్ధతి ఎక్కడ ఉన్నా ఆపేయండి.

(ప్రశ్న: పని జరుగుతున్నప్పుడు ఇళ్లలోకి ఘాటు వాసన వస్తుందంటారు?)

వస్తుంది, దాచిపెట్టను. ఎక్కువగా వాడే పాలియెస్టర్ రెసిన్‌లో స్టైరీన్ అనే ఘాటు రసాయనం ఉంటుంది. గాలిలో లవలేశం ఉన్నా ముక్కుకి తెలుస్తుంది. ఇళ్లలోకి ఎలా వస్తుందంటే, వాడని బాత్రూముల్లో జాలీ కింద ట్రాప్‌లో నీరు ఎండిపోయి ఉంటుంది. ఆ నీటి ముద్రే కదా పైపు గాలిని ఆపేది. పని రోజు పొద్దున వీధిలో ప్రతి ఇంటికీ వెళ్లి, వాడని జాలీల్లో చెంబెడు నీళ్లు పోయమని చెప్పండి. ఫిర్యాదులు సగానికి సగం తగ్గుతాయి. కానీ ఇది వాసనతో ఆగే విషయం కాదు. ఆవిరి పద్ధతిలో బయటికొచ్చే తెల్లటి పొగ వట్టి ఆవిరి అని చాలాకాలం చెప్పుకున్నాం. నేనూ చెప్పాను. 2017లో పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ పొగని పట్టి చూస్తే అందులో నీటి ఆవిరితో పాటు రకరకాల సేంద్రియ రసాయనాలు, రెసిన్ తుంపరలు కూడా ఉన్నాయి. దాని పక్కన నిలబడి పని చేసేది మన కుర్రాళ్లే. మాస్కు, గాలి మళ్లింపు, జనాన్ని దూరంగా ఉంచడం, ఇవన్నీ అంచనా కాగితంలోనే రాయాలి. వాడిన వేడి నీటిని వాన కాలువలోకి వదలకూడదు, అక్కడ చేపలు చస్తాయి. అసలు స్టైరీన్ లేని రెసిన్లు కూడా ఉన్నాయి, ఖరీదెక్కువ. బడి పక్కన, ఆసుపత్రి పక్కన అయితే ఆ ఖర్చు పెట్టమనే చెప్తాను.

(ప్రశ్న: లైనింగ్ చేశాక కూడా ఊటనీరు తగ్గలేదని మా దగ్గర అంటున్నారు.)

తగ్గదు, మెయిన్ పైపు ఒక్కటే చేస్తే. నీరు ఒక కన్నం మూస్తే ఇంకో కన్నం వెతుక్కుంటుంది. మెయిన్‌లోకి కారడం ఆగగానే చుట్టూ నీటిమట్టం పెరుగుతుంది, పెరిగి ఇళ్ల కనెక్షన్లలోంచి, మ్యాన్‌హోల్ గోడల్లోంచి దిగుతుంది. మెయిన్‌తో పాటు మ్యాన్‌హోళ్లు, కనెక్షన్ కలిసే చోట టోపీ ఆకారంలో ఉండే చిన్న లైనర్లు కూడా ఒకే ప్యాకేజీలో పెట్టాలి. వీధికి ఒక్కటి చొప్పున అక్కడక్కడా కాకుండా, ఒక పరివాహక ప్రాంతం మొత్తం పట్టుకోండి. ముందూ వెనకా ప్రవాహం కొలిస్తే తేడా కనిపిస్తుంది.

సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. బయట టీవీలో ఒక వీడియో నడుస్తూ ఉంటుంది, టీ తాగుతూ చూడండి. మా జట్టు చేసిన లైనే, బాగా వచ్చిందని నేనే ఎంచుకున్నాను. కానీ కౌంటరు 43 మీటర్లు చూపించినప్పుడు కొంచెం జాగ్రత్తగా చూడండి. నెత్తి మీద, గడియారంలో ఒంటిగంట ముల్లు ఉండే చోట, పొడుగ్గా ఒక ముడత కనిపిస్తుంది. పైపు వ్యాసం రెండు మ్యాన్‌హోళ్ల దగ్గరే కొలిచి గొట్టం కుట్టించాం. ఎవరో ఎప్పుడో మధ్యలో ఒక్క ముక్క మార్చి, కాస్త చిన్న సైజు పైపు అతికించి వెళ్లారు. అక్కడ గుడ్డ ఎక్కువైంది. అడుగున పడి ఉంటే చెత్త తట్టుకునేది, రోబోతో చెక్కించేవాళ్లం. నెత్తిన పడింది కాబట్టి వదిలేశాం.